తెలిసీ తడుముకోవడం

మా ఆవిడ ఆలోచించేటప్పుడు మాట్లాడదు. ఈ సంగతి నాకు పెళ్లయిన కొత్తలోనే తెలిసొచ్చింది. ఏదైనా అడిగితే గోడవైపు చూస్తూ ఉండిపోయేది. ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నా మీద అలిగిందేమోనని నేను ఏదో ఒక తిక్కమాట అనేవాణ్ణి. ఆలోపు ఆవిడ సమాధానం తెచ్చి నా చేతిలో పెట్టేది. నాది మాట ముందు, ఆలోచన వెనక వచ్చే జాతి. డ్రైవింగ్ స్కూల్లో పక్క సీట్లో కూర్చుని 'బ్రేకు, బ్రేకు' అని అరిచి బతికేవాడికి ఆ మాత్రం నోరు లేకపోతే రోజు గడవదు. నా నోరు నాకు అన్నం పెట్టింది కానీ, ఆవిడ మౌనం ఆవిడ ఉద్యోగానికి ఎసరు పెడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆవిడ పని అంబులెన్సులది. నడపడం కాదు, ఏ బండి ఎక్కడికి వెళ్లాలో చెప్పే సాఫ్ట్‌వేర్ రాయడం. కష్టంలో ఉన్నవాళ్లు ఫోను చేస్తే, ఎత్తిన మనిషికి తెర మీద దగ్గర్లోని బండి కనబడాలి. రోడ్డు మీద ఎవరైనా పడిపోతే దారినపోయేవాళ్లంతా తలా ఒక ఫోను చేస్తారు కదా. ఆ ఫోన్లన్నీ ఒకే మనిషి కోసమని గుర్తుపట్టి ఒక్క బండినే పంపే భాగం మా ఆవిడ సొంతంగా రాసింది. అంతకుముందు ఒక్కడి కోసం నాలుగు బండ్లు కూతలు పెట్టుకుంటూ వచ్చేవట. అదే సమయానికి ఇంకెక్కడో గుండెనొప్పి వచ్చిన మనిషికి బండి దొరికేది కాదట. బట్టలకొట్టు పైన రెండు గదుల ఆఫీసు వాళ్లది. మా అమ్మాయి పుట్టకముందు నుంచీ ఆవిడ కుర్చీ అక్కడే, కిటికీ పక్కన.

ఉన్నట్టుండి ఆ అంబులెన్సుల పని మొత్తం ఒక పెద్ద కంపెనీ చేతికి వెళ్లింది. సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది కాబట్టి అలాగే ఉంచుకుంటామనీ, దాన్ని రాసినవాళ్లకు మాత్రం ఇంటర్వ్యూ పెట్టి, పాసైనవాళ్లనే తీసుకుంటామనీ వాళ్లు కబురు పెట్టారు. వంట లొట్టలేసుకుంటూ తిని, వంటమనిషికి వంట వచ్చో రాదో పరీక్ష పెడతామన్నట్టుంది ఇది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం ఆ పరీక్షకు ఇంకా గడువుంది కదా అని, ఎందుకైనా మంచిదని వేరే కంపెనీలకు దరఖాస్తులు పెట్టింది.

మొదటి ఇంటర్వ్యూ మా పడకగదిలోనే జరిగింది. ఇస్త్రీ బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుంది. నేను వంటింట్లో కుళాయి కూడా తిప్పకుండా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అటువైపు కుర్రాడు ఒక చిక్కుప్రశ్న ఇచ్చాడట. ఈవిడ అలవాటు ప్రకారం గోడవైపు తిరిగి ఆలోచనలో పడింది. కాసేపటికి ఆ కుర్రాడు, హలో మేడమ్, మీ నెట్ ఆగిపోయినట్టుంది, నేను కనబడుతున్నానా అని చెయ్యి ఊపడం మొదలుపెట్టాడట. ఆలోచిస్తున్నాను బాబూ అందిట ఈవిడ. ఆలోచన బయటికి వినపడాలి మేడమ్, మనసులో ఏమనుకుంటున్నారో గట్టిగా చెబుతూ చేయాలి అన్నాడట. ఆ రెండూ ఒకేసారి ఆవిడ వల్ల కాలేదు. మాట్లాడితే ఆలోచన ఆగుతుంది, ఆలోచిస్తే మాట ఆగుతుంది. మాట్లాడే తీరు చాలదని రెండు లైన్లలో రాసి పంపించేశారు.

రెండోచోట మనిషి కూడా లేడు. కెమెరా ముందు కూర్చోబెట్టి యంత్రమే పరీక్ష పెట్టింది. ఈవిడ కళ్లు మాటిమాటికీ తెర మీంచి పక్కకు పోతున్నాయని కాపీ కింద లెక్కగట్టి పరీక్ష మధ్యలోనే ఆపేసింది. నేను ఆ గదిలోకి వెళ్లి గోడ చూశాను. రెండు మేకులు, ఒక పాత పెచ్చు. కాపీ కొట్టడానికి అక్కడ ఏముందో ఆ యంత్రాన్నే అడగాలి.

ఆ రోజుల్లో నేను ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. బండి నేర్చుకునేవాళ్ల మీద విసుక్కున్నాను. ఎదురింటాయన్ని మెట్ల మీద ఆపి సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నిటినీ ఉతికి ఆరేశాను. పాపం ఆయనది చెప్పుల దుకాణం, తల ఊపడం తప్ప ఏం చేస్తాడు. మా ఆవిడ నాలా అరవదు. వంటింటి అలమరలో డబ్బాలన్నీ కిందికి దించి, తుడిచి, మళ్లీ సర్దేది. మర్నాడు మళ్లీ దించేది. డబ్బాల చప్పుడు వినపడితే చాలు, ఇంకోచోట కూడా కాదన్నారని నాకు అర్థమైపోయేది.

చివరికి ఆవిడే మా అమ్మాయిని అడిగింది. దాన్ని మేం పండు అంటాం. అదీ సాఫ్ట్‌వేరే, వేరే కంపెనీ. స్నేహితురాళ్లతో కలిసి ఊరికి ఆ చివర గది తీసుకుని ఉంటుంది, సెలవు రోజున వస్తుంది. చేరిన కొద్దికాలానికే దాన్ని ఇంటర్వ్యూలు చేసే బృందంలో వేశారు. మనుషుల్ని వడపోయడంలో దానికి మంచి పేరుందని విని నేనే నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను.

"నన్ను ఇంటర్వ్యూ చెయ్యవే. అమ్మనని కాదు, ఎవరో ఏంటో తెలియనట్టు చెయ్యి," అంది మా ఆవిడ.

పండు వద్దంది, నవ్వేసింది, తప్పించుకోవాలని చూసింది. ఈవిడ వదల్లేదు. సరేనని భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. పండు జుట్టు ముడి వేసుకుని గొంతు మార్చేసరికి నాకే అది ఎవరో పరాయి పిల్లలా అనిపించింది. ప్రశ్న దీవుల గురించి. ఒక గళ్ల కాగితం ఇస్తారు, కొన్ని గళ్లలో నీళ్లు, కొన్నిట్లో నేల. మొత్తం ఎన్ని దీవులున్నాయో లెక్కపెట్టే ప్రోగ్రాం రాయాలి. మా ఆవిడ వెంటనే, ఈ మ్యాప్ ఎవరు వాడతారు అని అడిగింది. పండు, ఎవరూ వాడరు, ఊరికే ప్రశ్న అంది. నీళ్లు పెరిగితే చిన్న దీవులు మునుగుతాయి కదా, అప్పుడు లెక్క మారుతుందా అని ఈవిడ. నీళ్లు పెరగవమ్మా అని అది. ఆ తర్వాత ఈవిడ గోడవైపు తిరిగింది. పండు గడియారం చూసుకుంది. నేను టీ పట్టుకెళ్తే ఇద్దరూ కలిసి నన్ను తరిమేశారు.

సమయం అయిపోయాక మా ఆవిడ, మీ ఆఫీసులో అయితే నన్ను ఏమంటావు అని అడిగింది. పండు టీకప్పు వైపు చూస్తూ, "తీసుకోనమ్మా," అంది.

నేను వంటింట్లోంచి దూసుకొచ్చాను. నిన్ను వేలు పట్టుకుని నడిపించింది ఎవరే, తాతకు దగ్గులు నేర్పుతున్నావా అని మొదలుపెట్టాను. మా ఆవిడ నన్ను అక్కడే ఆపేసింది. అడిగింది తనేననీ, అది నిజం చెప్పిందనీ అంది. మీ దగ్గర నేర్చుకునేవాళ్లు మాత్రం లైసెన్సు పరీక్షలో రెండు కర్రల మధ్యకి బండి వెనక్కి పెట్టలేకపోతే రోడ్డెక్కనిస్తారా, ఆ కర్రలు ఏ రోడ్డు మీద పాతి ఉన్నాయో చూపించండి అని కూడా అంటించింది. పరీక్ష పెట్టేది నేను కాదు కదా అని గొణిగాను కానీ, ఆ మాట నాకే బలంగా అనిపించలేదు.

అప్పటినుంచి మా ఇల్లు బడి అయిపోయింది. ఈ కంపెనీలన్నీ తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలు ఒక కట్ట ఉన్నాయట. లోకమంతా వాటినే కంఠస్థం పడుతుందట. పండు ఆ కట్ట తెచ్చి ఇచ్చింది. మా ఆవిడ వారం తిరిగేసరికి సగం నమిలేసింది. అసలు చిక్కు అది కాదు. జవాబు తెలిసినా వెంటనే చెప్పకూడదట. చెబితే బట్టీపట్టావంటారు, చెప్పకపోతే రాదంటారు. కాబట్టి తెలియనట్టు మొదలుపెట్టాలి. ముందు ఒక మందకొడి దారి చెప్పాలి, అది బాగాలేదని తనే పెదవి విరవాలి, కాస్త తడుముకోవాలి, అప్పుడే తట్టినట్టు అసలు దారి చెప్పాలి. అడిగేవాడికీ తెలుసట, చెప్పేవాడికీ తెలుసట. అయినా ఇద్దరూ తెలియనట్టే కూర్చోవాలట.

"ఇది ఇంటర్వ్యూనా, నాటకమా?" అన్నాను నేను.

పండు నన్నే ఇంటర్వ్యూ చేసేవాడి కుర్చీలో కూర్చోబెట్టింది. నేను కాగితం చూసి ప్రశ్న చదవడం, ఆవిడ టపీమని జవాబు చెప్పడం, పండు తల పట్టుకోవడం. తడుముకోమ్మా కాస్త అని బతిమాలితే, మా ఆవిడ బస్సు బోర్డు చదివినట్టు 'అయ్యో, ఇదెలా చేయాలబ్బా' అంది. ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఆ నెలలో మా ఇంట్లో నవ్వు వినపడింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత వచ్చిన ఇంటర్వ్యూ ఒక మంచి కంపెనీది. నేను తలుపు బయట చెవి ఆనించి నిలబడ్డాను. అడిగింది ఏమిటనుకున్నారు, దీవుల లెక్కే. అబ్బ, గట్టెక్కాం అనుకున్నాను. లోపల్నుంచి మా ఆవిడ గొంతు మామూలుగా, స్పష్టంగా వినబడింది.

"ఇది నాకు తెలుసు బాబూ. ఈమధ్యే మా అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. ఇంకోటి అడగండి."

ఇంతవరకు ఆ మాట అటువైపు కుర్రాడితో ఎవరూ అని ఉండరు. తర్వాత ఏదో కఠినమైనది అడిగాడు. ఈవిడ దాదాపు చివరిదాకా వెళ్లింది కానీ సమయం చాల్లేదు. సాయంత్రానికి కుదరదని కబురు వచ్చింది. వంటింట్లో డబ్బాలు కిందికి దిగాయి.

పండు ఆఫీసు నుంచి నేరుగా ఇంటికొచ్చేసింది. నేను దాన్ని అంత కోపంలో ఎప్పుడూ చూడలేదు. చేతికందిన కూడు నోటికి రాకుండా చేసుకున్నావని తల్లిని కడిగేసింది. ఈవిడ డబ్బాకు గుడ్డ రాస్తూ, తెలిసినదాన్ని తెలియదని ఎలా అంటానే అంది. తెలియదని ఎవరు అనమన్నారు, తెలుసని చెప్పకుండా ఊరుకుంటే చాలు, అందరూ చేసేది అదే అంది పండు. అందరూనా అని ఈవిడ తలెత్తి చూసింది. పండు సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. తల్లి మీద విసుగుతో వెళ్లిందనుకున్నాను.

ఇక మిగిలింది ఆ పెద్ద కంపెనీ పరీక్షే. ఆలోపు ఆవిడ పక్క కుర్చీ ఆయన అందులో తప్పాడు. ఫోన్లెత్తేవాళ్లు తెర మీద చూసేదంతా ఆయన రాసిందే. సామాన్లు సర్దుకుని వెళ్లిపోతూ, నువ్వన్నా ఉండమ్మా, లేకపోతే దాన్ని ఎవరు పడితే వాళ్లు కెలుకుతారు అన్నాడట. ఆ మాట ఆవిడ మనసులో గుచ్చుకుంది. జీతం సంగతి ఎలాగూ ఉంది, లేదనను. కానీ ఆవిడ నిద్ర పట్టక దొర్లింది జీతం గురించి కాదు. ఒక్కో లైను ఎందుకు అలా ఉందో తెలిసిన మనిషి ఒక్కరు కూడా లేకుండా పోతే, తెలియనివాడు ఎవడో దీనితో పనేముందని ఒక లైను తీసేస్తాడు, ఆ రోజు ఎవరికో బండి రాదు. నాతో అంది, ఈసారి తప్పకూడదు అని.

పరీక్ష రోజు నేను స్కూలుకు సెలవు పెట్టి మళ్లీ తలుపు దగ్గర నిలబడ్డాను. ప్రశ్న వినపడింది. కట్టలోదే. వినీ వినీ దాని జవాబు నాకు కూడా నోటికొచ్చేసింది. చెప్పకు, తెలుసని చెప్పకు అని నాలో నేనే గొణుక్కుంటున్నాను. అప్పుడు ఒక గొంతు వినపడింది.

"ఊఁ... ఆసక్తిగా ఉందండీ. ముందు ఒక్కొక్కదాన్నీ అన్నిటితో పోల్చి చూద్దామా? అది మరీ ఆలస్యం కదూ. ఒక్క నిమిషం... ఆఁ, ఇలా చేస్తే?"

ఆ గొంతు మా ఆవిడది కాదు. మెత్తగా, తియ్యగా, ఎక్కడా తొణక్కుండా ఉంది. బస్సు బోర్డు చదివిన మనిషి ఇంత బాగా ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. అటువైపు కుర్రాడు భలే భలే అంటున్నాడు. నేను గెంతులు వేయాల్సింది పోయి తలుపు దగ్గర్నుంచి జరిగి వచ్చేశాను. మా పడకగదిలో ఎవరో కొత్తావిడ మాట్లాడుతుంటే చాటుగా విన్నట్టు సిగ్గేసింది.

రెండు రోజుల్లో కబురు వచ్చింది. తీసుకున్నారు. ఆలోచించే తీరు చాలా చక్కగా ఉందని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు కూడా. నేను ఆ మాటను ఎదురింటాయనతో సహా అందరికీ చాటేశాను. మధ్యాహ్నం పండు కేకు పట్టుకుని వచ్చింది. చూస్తే ఈవిడ వంటింట్లో డబ్బాలు దించుతోంది. నాకు చిర్రెత్తింది. ఉద్యోగం రానప్పుడూ డబ్బాలే, వచ్చినప్పుడూ డబ్బాలేనా, ఆ ఏడుపు మొహమేంటి అని అరిచాను.

ఆవిడ డబ్బా కింద పెట్టి మా ఇద్దర్నీ చూసింది.

"నా పని గురించి ఒక్క ముక్క అడగలేదండీ. చివర్లో నేనే చెప్పబోతే టైం అయిపోయింది, తర్వాత చూద్దాం అన్నాడు. నేను ఊరికే తడుముకున్నందుకు మెచ్చుకున్నారు. వాళ్లు తీసుకుంది ఎవరినో. సోమవారం నేను వెళ్లి ఆవిడ కుర్చీలో కూర్చోవాలి."

నేను తేలిగ్గా కొట్టిపారేశాను. చేరాక ఎవరికి గుర్తుంటుంది, ఏరు దాటేదాకానే తెప్పతో పని, నాలుగు రోజుల్లో నువ్వే మర్చిపోతావు అన్నాను.

"మర్చిపోవడం ఉండదు నాన్నా," అంది పండు.

అది కేకు కోయబోతూ చాకు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"నా ఇంటర్వ్యూలో కూడా నాకు తెలిసిన ప్రశ్నే వచ్చింది. బాగా తడుముకున్నాను, చాలా మెచ్చుకున్నారు. చేరిన రోజు నుంచి ఇవాళ దొరికిపోతాను, ఇవాళ దొరికిపోతాను అనుకుంటూనే ఆఫీసుకి వెళ్తున్నా. అవతలివాళ్లని పట్టుకుని నీకు రాదు, నీకు రాదు అని చెప్తుంటా. అసలు నాకు పని వచ్చో రాదో నాకే తెలీదమ్మా. ఎవరూ చూడలేదు."

నలుగురిలో నేను గొప్పగా చెప్పుకు తిరిగిన పిల్ల ఇన్నాళ్లూ గుండెల్లో ఇంత భయం పెట్టుకుని తిరిగిందా అనుకున్నాను. మా ఆవిడ చేతులు తుడుచుకుంది. లాప్‌టాప్ తెచ్చావా అని అడిగింది. ఎందుకని పండు అంటే, ప్రశ్నలూ గిశ్నలూ వద్దు, నువ్వు రాసింది చూపించు అంది. ఆఫీసుది బయట చూపించకూడదంది పండు. అయితే నీ సొంతానికి రాసుకున్నదే చూపించమంది ఈవిడ.

పండు చాలాసేపు నసిగి ఒకటి తెరిచింది. వాళ్లుండే భవనంలో బట్టలుతికే మిషను ఒక్కటేనట, అందరికీ రోజూ గొడవట. ఎవరి వంతు ఎప్పుడో ఫోనుకు చెప్పే ప్రోగ్రాం ఒకటి అది ఖాళీ దొరికినప్పుడల్లా రాసుకుంటోంది. ఇంకా ఎవరికీ చూపించలేదట.

మా ఆవిడ కుర్చీ లాక్కుని చదవడం మొదలుపెట్టింది. చదవడం, గోడవైపు చూడటం, మళ్లీ చదవడం. పండు గోళ్లు కొరుక్కుంటూ తల్లి మొహం చూస్తోంది. చిన్నప్పుడు కూడా అది మార్కుల కోసం అలా చూడలేదు. కేకు అలాగే ఉంది. నేను కూర్చోలేను, నిలబడలేను. ఏదో ఒకటి చెప్పవే తల్లీ అని అరవాలనుంది, కానీ అరిస్తే ఆవిడ ఆలోచన చెదురుతుంది. బండి నేర్పడం మొదలుపెట్టాక నేను అంతసేపు నోరు మూసుకుని ఉన్నది లేదు.

మిషన్లో బట్టలు మర్చిపోయి బయటికి పోతే అని మధ్యలో ఒకసారి అడిగింది. పండు ముందుకు వంగి, దానికి ఇక్కడ రాశాను అని చూపించింది. ఈవిడ తల ఊపింది. మళ్లీ గోడ.

చివరికి, ఫలానా ముక్క అనవసరం, తీసెయ్యమంది. ఇంకోచోట కరెంటు పోయి వస్తే ఇద్దరికి ఒకే వంతు పడుతోంది, అది తప్పు, సరిచెయ్యమంది. కూతురని కూడా గొంతు మెత్తబరచలేదు. పండు అన్నిటికీ తల ఊపింది.

"మిగతాదో?" అంది.

"మిగతాదా?" మా ఆవిడ ఇంకోసారి తెర చూసింది. "నీకు పని వచ్చు. ఇది పని వచ్చినవాళ్లు రాసింది."

పండు బల్ల మీద తల వాల్చి బావురుమంది. అంత పిల్లా, మనుషుల్ని వడపోసే పిల్లా, చిన్నపిల్లలా ఎక్కిళ్లు పెట్టి ఏడ్చింది. మా ఆవిడ ఒక చేత్తో దాని వీపు నిమురుతూ, రెండో చేత్తో ఆ ప్రోగ్రాంను ఇంకా కిందికి జరుపుకుంటూ చదువుతూనే ఉంది. మొహంలో మాత్రం తెరిపి లేదు. సోమవారం ఆవిడ కళ్లలోనే ఉంది.

నీకు పని వచ్చు అనే ఆ ఒక్క మాట ఆవిడకు కూడా ఎవరైనా చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంది. నేను చెబితే చెల్లదు. నాకు బ్రేకూ క్లచ్చూ తప్ప ఆవిడ రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా తెలియదు. పండు చెప్పగలదు. చెబుతుందేమోనని దానివైపే చూస్తూ నిలబడ్డాను. అది ఇంకా తల ఎత్తలేదు.